అమ్మకానికి పెడితే ఏడ్చే కారు

ఆ వీధిలో పాలు పోసే మనిషి దగ్గర నుంచి మేడమీద అద్దెకున్న బ్యాంకు గుమాస్తా దాకా అందరూ ఏ అనుమానమూ లేకుండా నమ్మే సంగతి ఒకటుంది: పెద్దాయన కారును అమ్మబోతే అది ఏడుస్తుంది. ఆయన బతికున్నన్నాళ్ళూ దాని కంట చుక్క నీరు ఎవరూ చూడలేదు. ఆయన పోయాకే మొదలైంది. కొనడానికి ఎవరో వస్తారు, కారును షెడ్డులోంచి వాకిట్లోకి తోస్తారు, చుట్టూ తిరిగి చూస్తారు, బేరం ఒక కొలిక్కి వస్తున్నదనగా ముందు అద్దం కడగడానికి దాని కిందనున్న రెండు నాజిళ్ళలోంచి నీళ్ళు ఉబుకుతాయి. లోపల మనిషి ఉండడు. ఎవరూ ఏ మీటా నొక్కరు. ఆ నీళ్ళు గుండ్రటి బానెట్‌కు రెండు పక్కలా జారి, దీపాల అంచున కాసేపు ఆగి, బొట్లుబొట్లుగా నేల మీద పడతాయి. ఆ దీపాలేమో పాతకాలపువి, ఉబ్బిన కళ్ళలా ఉంటాయి. చూసేవాళ్ళకు ఇంకేం కావాలి?

మొదట వచ్చిన హోటలు యజమాని కారుకు చేతులు జోడించి, క్షమించమని చెప్పి వెళ్ళిపోయాడు. తరువాత వచ్చినాయన పాత బళ్ళు అద్దెకిచ్చే మనిషి. "సంసారాల మధ్యకి నేను రానమ్మా" అని, తాగుతున్న టీ సగంలో వదిలేసి లేచాడు.

ఈ వార్త పెద్దాయన తమ్ముడి చెవిన ఆలస్యంగా పడింది. కాలేజీలో భౌతికశాస్త్రం బోధించి రిటైరైన ఆ తమ్ముడు వీధిలో అందరికీ మాస్టారు. వదినగారికి మాత్రం, నెత్తిన నాలుగు వెంట్రుకలు కూడా మిగలకపోయినా, ఇప్పటికీ "చిన్నబ్బాయ్". దయ్యాలున్నాయనేవాళ్ళతో ఆయన పోట్లాడడు. "ఎక్కడ? ఏ వేళప్పుడు? అప్పుడు కిటికీ తెరిచి ఉందా?" అని నెమ్మదిగా అడుగుతాడు. పోట్లాడినా బాగుండునని అవతలివాళ్ళకు అనిపిస్తుంది.

పనిముట్ల పెట్టె మోసుకుంటూ మాస్టారు వచ్చేసరికి వదిన వరండా మూల కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది.

"వచ్చావా చిన్నబ్బాయ్! కారుని ఓదార్చడానికా, కోప్పడడానికా?"

"దాని మాట విందామని వచ్చాను వదినా. ఏమంటుందో చూస్తాను."

"ఏమంటుంది? మీ అన్నయ్య మాటే అంటుంది. 'వద్దు' అని."

ఆమె నవ్వుతూనే అన్నది గాని, తొక్కుతున్న కాలు ఆగిపోయింది.

కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ వరండా మూలే ఆమె కార్ఖానా. జల్లు కొడితే బట్టలన్నీ ఎత్తుకొని లోపలికి పరుగెత్తాలి. ఎండ వాలితే మిషనును ఈడ్చుకొని గోడవారకు జరగాలి. నాలుగు గోడలూ, చల్లటి నేలా, గట్టి తలుపూ ఉన్న షెడ్డు మాత్రం కారుది. ఇప్పుడా షెడ్డులో మిషన్లు వేసి, నేర్చుకోవాలన్న ఆడపిల్లలకు కుట్టుపని నేర్పాలని ఆమె కోరిక. మిషన్లకు చెప్పేసింది. అవి సోమవారం దిగుతాయి. కారు బయటికి వెళితేనే అవి లోపలికి వెళ్ళేది.

"ఆదివారం పళ్ళ డాక్టరొకాయన వస్తున్నాడు. పాత కార్లంటే పడిచస్తాడట" అన్నదామె, దారం కొరికి. "ఆయన ముందు కూడా ఇది ఏడ్చిందంటే, మిషన్లవాళ్ళకి ఫోన్ చేసి వద్దని చెప్పేస్తాను."

"అద్దం కడిగే నీళ్ళ సీసా వద్దన్నదని షెడ్డు వదిలేసుకుంటారా?"

"ఇన్నేళ్ళలో మీ అన్నయ్యని అడక్కుండా నేనొక పని చేసి ఎరగను. మొట్టమొదటిసారి అడక్కుండా చేస్తున్నాను. ఆయనకి కష్టంగా ఉందేమో! నీకు నవ్వులాటగా ఉంటుంది. నాకు కంటిమీద కునుకు లేదు."

మాస్టారికి నవ్వు రాలేదు. పెట్టె తీసుకొని షెడ్డులోకి నడిచాడు.

అద్దం మీద నీళ్ళు చిమ్మే ఆ ఏర్పాటు చూడడానికి ముచ్చటగా ఉంది. డాష్‌బోర్డు మీద బొత్తం లాంటి నల్లటి గుబ్బ. దాన్ని బొటనవేలితో నొక్కితే వెనకనున్న రబ్బరు తిత్తి ముడుచుకొని, సీసాలోని నీటిని గొట్టంలోకి తోస్తుంది. వదిలితే ఉబ్బి మళ్ళీ నీటిని పీల్చుకుంటుంది. కరెంటుతో పని లేదు, వేలి బలమే. సీసా ఇలాంటి కార్లలో మామూలుగా బానెట్ కింద ఉంటుంది. ఇంజను వేడికి పాడవుతుందని అన్నయ్య దాన్ని ఎప్పుడో లోపలికి మార్చి, ముందు అద్దానికి ఆనించి, డాష్‌బోర్డు చివర పట్టీతో బిగించాడు. మాస్టారు తిత్తిని విప్పి చూస్తే రబ్బరు ఎండిన తొక్కలా చిట్లి ఉంది. నీటిని వెనక్కి రానివ్వకుండా ఆపే చిన్న గోళీ తన చోట కూర్చోవడం మానేసింది.

"దొరికింది వదినా!" అని కేక వేశాడాయన. "మీ కారుకి ఏడుపు లేదు, లీకేజీ ఉంది."

"మా ఆయన పోయిన రోజు నుంచే లీకైందా?"

"రబ్బరుకి తిథులూ వారాలూ తెలీవు వదినా. దాని ఆయుష్షు తీరింది."

బాగుచేయడంతో ఆగకుండా మెరుగుపరచాలని మాస్టారికి ఉత్సాహం పుట్టింది. తిత్తి తీసేసి చిన్న మోటారు పంపు పెడితే సరి. అయితే పాత కార్ల మీద మోజున్న మనిషికి కొత్త స్విచ్చు కనబడితే మొహం మాడుతుంది. కాబట్టి ఆ నల్లటి గుబ్బను అలాగే ఉంచి, దాని వెనక కంటికి కనబడని స్విచ్చు దాచాలి. నొక్కే వేలికి పాత గుబ్బే తగులుతుంది, నీళ్ళు మాత్రం కొత్త పంపు తోస్తుంది. కర్రల్లా బిగుసుకుపోయిన గొట్టాలను పీకి మెత్తటివి వేశాడు. ఫ్యూజు పెట్టాడు. నాజిళ్ళలో పేరుకున్న సున్నాన్ని తియ్యడానికి సూది అడిగితే వదిన డబ్బాలో వెతికి అతి సన్ననిది ఇచ్చింది.

"విరిచావంటే ఈ గడప దాటనివ్వను."

"ఎమ్మెస్సీ చదివానండీ."

"అందుకే చెబుతున్నా."

వైర్లను ఆయన కట్టిన తీరు చూసి ఆమెకు ఒళ్ళు జలదరించింది. "ఇదేం కట్టు చిన్నబ్బాయ్, నేర్చుకోడానికొచ్చిన పిల్ల తొలిరోజు కూడా ఇలా వెయ్యదు" అని, ఆయన్ని పక్కకు జరిపి, కారులో సగం దూరి, దారంతో వైర్లన్నిటినీ ముచ్చటైన జడలా అల్లి ముడేసింది. అలా దూరి పనిచేస్తున్నప్పుడు ఆమె ముఖంలో కనిపించిన వెలుగు మాస్టారు గమనించాడు. ఈ మనిషి చేత మిషన్లు వద్దనే ఆ ఫోను చేయించకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాడు.

పరీక్ష షెడ్డులోనే జరిగింది. గుబ్బ నొక్కగానే పంపు జుయ్‌మంది. రెండు ధారలు ఎగిరి, అద్దాన్ని దాటి, కారు పైకప్పును దాటి, వెనకనుంచి తొంగిచూస్తున్న ఎదురింటావిడ మొహాన పడ్డాయి. ఆవిడను వీధంతా రేడియో పిన్ని అంటారు. ఆ ఇంటి కబురు ఈ ఇంటికి చేరవేయడానికి ఆవిడకు విరామం ఉండదు.

"ఇది ఏడుపు కాదు మాస్టారూ, ఉమ్మడం!" అన్నది ఆవిడ, చెంగుతో మొహం తుడుచుకుంటూ.

"నాజిల్ కాస్త దించాలి, అంతే."

దించాడు. ఆ తరువాత ధారలు అద్దం నడిమధ్యన పడ్డాయి. వైపర్లు రెండు ఊపుల్లో తుడిచేశాయి. గుబ్బ వదిలితే చుక్క కారలేదు. కుర్చీ వేసుకొని చాలాసేపు కాపలా కాసినా చుక్క కారలేదు. మాస్టారు ఆ పూట భోజనం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మరునాడు పొద్దు బాగా ఎక్కాక, డాక్టరు వచ్చేలోగా కడిగి మెరిపించవచ్చునని కారును వాకిట్లోకి తోశారు. నీళ్ళు లోపలికి పోకుండా కిటికీలన్నీ బిగించారు. కడగడం అయింది, తుడవడం అయింది. మాస్టారు గుడ్డ పిండుతుండగా నాజిళ్ళు రెండూ గుడగుడమన్నాయి. ఇదివరకు చెమ్మగిల్లి కారిన నీళ్ళు ఈసారి బుగ్గల్లా పొంగి బానెట్ రెండు పక్కలా ధారకట్టాయి.

ఎదురింటి గేటు అప్పటికే తెరుచుకుంది.

"చూశారా మాస్టారూ! నిన్నటిదాకా కళ్ళనీళ్ళు పెట్టుకునేది. మీరొచ్చి చెయ్యేశాక బావురుమంటోంది!"

"కొనేవాళ్ళెవరూ ఇక్కడ లేరు కదండీ పిన్నిగారూ? ఇప్పుడెందుకు ఏడవాలి?"

"ఆదివారం వస్తున్నారని దానికి తెలీదూ?"

మాస్టారు చేతిలోని గుడ్డ విసిరికొట్టాడు. కొనేవాళ్ళుంటే ఉన్నారని ఏడుస్తుంది, లేకపోతే వస్తారని ఏడుస్తుంది. ఏం జరిగినా సరిపోయే సిద్ధాంతాన్ని ఏ ప్రయోగమూ ఓడించలేదు. కసి కొద్దీ బ్యాటరీ తీగలు ఊడబీకి, బ్యాటరీనే మోసుకెళ్ళి వరండాలో పెట్టాడు. "కరెంటే లేకపోతే పంపు ఎలా తిరుగుతుందో చూస్తాను."

పంపు తిరగలేదు. నీళ్ళు మాత్రం వస్తూనే ఉన్నాయి.

రేడియో పిన్ని రెండు చేతులతో నోరు మూసుకొని, మరుక్షణమే ఆ చేతులు తీసి, కబురు మోసుకుంటూ వీధిలోకి పరుగుతీసింది. వరండాలో వదిన లేచి నిలబడింది. కారును చూసింది, పక్కనున్న బ్యాటరీని చూసింది, లోపలికి వెళ్ళింది. మిషను చప్పుడు మళ్ళీ వినిపించలేదు.

వాకిట్లో మాస్టారు ఒక్కడే మిగిలాడు. జీవితంలో ఎన్నడూ చెయ్యని పని ఒకటి ఆయన అప్పుడు చేశాడు. అటూ ఇటూ చూసి, బానెట్ మీదికి వంగి, గొంతు తగ్గించి, "అన్నయ్యా... నువ్వేనా?" అని అడిగాడు.

నాజిల్ గుళుక్కుమని ఒక పెద్ద చుక్క ఉమ్మింది.

చేతిలోని స్పానరు జారి కాలిమీద పడింది. ఆ నొప్పే ఆయన్ని దారికి తెచ్చింది. ఎన్ని వందలమంది విద్యార్థులకు 'తొందరపడకండి' అని చెప్పాడో గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. సరే, ఎక్కడ? వాకిట్లో. ఏ వేళప్పుడు? పొద్దెక్కాక. షెడ్డులో ఎంతసేపు కూర్చున్నా రాలేదు. కిటికీ తెరిచి ఉందా? లేదు, తానే బిగించాడు. కారు తలుపు లాగాడు. పొయ్యి మూత తీసినట్టు వేడిగాలి మొహాన కొట్టింది. సీసాను ముట్టుకుంటే వేలు చురుక్కుమంది.

గొట్టంతో సహా సీసాను విప్పుకొచ్చి, వాకిట్లో స్టూలు మీద ఎండలో పెట్టాడు. గొట్టం రెండో కొసను ఒక గ్లాసులోకి వదిలి, "వదినా, ఒకసారి రండి" అని పిలిచాడు.

ఆమె వచ్చేసరికి గ్లాసులో బొట్లు పడుతున్నాయి. కారు పది అడుగుల దూరాన, నోరు తెరుచుకొని, పొడిగా ఉంది.

"ఇప్పుడిది ఎవరి కోసం ఏడుస్తోందంటారు వదినా? స్టూలు కోసమా?"

వద్దనుకుంటూనే ఆమె నవ్వేసింది. తరువాత చిన్నబ్బాయి చెప్పకుండానే తన దోవన తాను పరీక్ష మొదలుపెట్టింది. తడిగుడ్డ తెచ్చి సీసా చుట్టూ చుట్టింది. బొట్లు ఆగిపోయాయి. కాసేపటికి గ్లాసులోని నీళ్ళు గొట్టంలోకి వెనక్కి ఎక్కడం కనిపించింది.

"అయ్యో, మింగేస్తోంది!"

"గుడ్డ తియ్యండి."

తీసింది. మళ్ళీ బొట్లు. ఆమె మూడుసార్లు గుడ్డ చుట్టి, మూడుసార్లు తీసి, చిన్నపిల్లలా ఆడుకుంది. అప్పుడు మాస్టారు సీసా మూత తిప్పాడు. 'ఉస్సు'మని లోపలి గాలి బయటికి తన్నుకొచ్చింది. మూత నడిమధ్యన గాలి ఆడడానికి ఉండాల్సిన చిల్లు లేదు. ఉండాల్సిన చోట తెల్లగా, నున్నగా ఏదో పూసి ఉంది.

ఆమె గోటితో గీకి చూసింది. "కొవ్వొత్తి మైనం. ఇది మీ అన్నయ్య చేతిపనే. ఇంట్లో ఏ చిల్లు కనబడినా మైనం కరిగించి పోసేవాడు, చీమలు దూరతాయని. టేబుల్ గడియారానికి తాళం తిప్పే చిల్లు కూడా మూసేశాడొకసారి, గుర్తుందా?"

"లోపలి గాలి ఎండకి వేడెక్కి వ్యాకోచిస్తుంది వదినా. పైకి పోదామంటే దారి మూసేశారు. అందుకని నీళ్ళని తోస్తుంది. పాత తిత్తి పాడైనా కొంత అడ్డం పడేది. నేను పెట్టిన పంపు ఆగి ఉన్నప్పుడు నీళ్ళకి బార్లా తెరిచిన గుమ్మం లాంటిది." ఆయన తల గోక్కున్నాడు. "అంటే, నేను బాగుచేసి ఏడుపు పెంచాను."

"ఎమ్మెస్సీ" అన్నదామె.

లావుపాటి సూదిని మంట మీద కాల్చి మూతలో చిల్లు ఆమే పొడిచింది. సీసాను మళ్ళీ బిగించి, కిటికీలు మూసి, ఎండలోనే కారును వదిలేసి ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. నాజిళ్ళు కిక్కురుమనలేదు. మాస్టారు గెలిచినవాడిలా కాళ్ళు చాపుకున్నాడు.

వదిన ముఖం మాత్రం ఇంకా తేటపడలేదు.

"ఒకటి చెప్పు చిన్నబ్బాయ్. మైనం ఆయన ఉన్నప్పుడే పెట్టాడు. అదీ నిన్నా మొన్నా కాదు, ఎన్నో ఏళ్ళయింది. మరి ఆయన ఉన్నన్నాళ్ళూ ఒక్కసారైనా ఎందుకు కారలేదు? పోయాకే ఎందుకు?"

మాస్టారు నోరు తెరిచాడు. తిత్తి అప్పట్లో గట్టిగా ఉండి ఉంటుందని అనబోయాడు గాని, ఆ రబ్బరు చిట్లి ఏళ్ళు గడిచాయని తన చేతులకే తెలుసు. ఆమెకు అబద్ధం చెప్పాలనిపించలేదు.

"తెలీదు వదినా."

"నీలో నాకు నచ్చేది అదొక్కటే" అన్నదామె. "కానీ అది తేలకుండా కారు తాళం ఎవరి చేతిలోనూ పెట్టలేను. ఎలా కారుతోందో చెప్పావు, బాగుంది. ఎందుకు ఆయన పోయాకే అన్నది నువ్వు చెప్పలేదు. ఆ సందులోంచే ఆయన నన్ను చూస్తున్నట్టుంటుంది."

ఆదివారం పళ్ళ డాక్టరు వచ్చాడు. బొద్దుగా, చలాకీగా ఉన్న మనిషి. బానెట్ ఎత్తుతూ అలవాటు కొద్దీ "కొంచెం నొప్పిగా ఉంటుంది" అన్నాడు. లోపలికి టార్చి వేసి చూసి, తృప్తిగా తలాడించాడు. గుబ్బ నొక్కి, ధారలు ఎగరడం చూసి, పిల్లవాడిలా మళ్ళీ మళ్ళీ నొక్కాడు. "పాతదే ఇంత బాగా పనిచేస్తోందే!" అంటే మాస్టారు దగ్గు వచ్చినట్టు అటు తిరిగి, తరువాత మనసొప్పక, లోపల దాచిన పంపు సంగతీ స్విచ్చు సంగతీ చెప్పేశాడు. డాక్టరు వంగి ఆ వైర్ల అల్లిక చూసి, "ఎవరు కుట్టారండీ వీటిని!" అని ఇంకా మురిసిపోయాడు.

వీధి వీధంతా గేటు దగ్గర పోగైంది. ఎండ నిట్టనిలువునా కాస్తోంది. అందరి చూపూ నాజిళ్ళ మీదే. అవి ఎంతసేపటికీ మాట్లాడకపోయేసరికి, టిక్కెట్టు కొని మోసపోయినవాళ్ళలా కొందరు గొణిగారు.

"ఒప్పుకున్నాడక్కయ్యా!" అని గేటు అవతల నుంచి రేడియో పిన్ని ప్రసారం చేసింది. "మొత్తానికి మనసు కరిగింది ఆయనకి!"

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడిస్తే వద్దన్నట్టు, ఏడవకపోతే సరేనన్నట్టు! వదిన తాళాన్ని గుప్పిట్లో బిగించి అలాగే నిలబడి ఉంది. సరేనన్న మనిషి రేపు మళ్ళీ వద్దనవచ్చు కదా అన్నట్టుంది ఆమె వాలకం.

డాక్టరు కారు వీపు మీద అరచెయ్యి ఆనించి నిమిరాడు. "ఇంత వయసొచ్చిన బండికి రంగు ఎక్కడా వెలవలేదేమిటమ్మా? షెడ్డులో ఉంచితే ఉంచారు, బయటికి తీసినప్పుడైనా ఎండ తగిలే ఉండాలి కదా!"

"ఎండా?" అన్నదామె. పాత కోపం ఒక్కసారి ఎగదన్నుకొచ్చింది. "ఏమడుగుతారు డాక్టరుగారూ! ఆయనతో బయటికెళితే ముందు నీడ వెతకాలి, తర్వాతే పని. బట్టల కొట్టు ఇక్కడుంటే నీడ ఆ చివర దొరికేది. అక్కడ ఆపి, మూటలతో నన్ను ఎండలో నడిపించేవాడు. బంధువుల ఇంట్లో అన్నం తింటూ తింటూ, నీడ జరిగిందని ఎంగిలిచేత్తో లేచెళ్ళి బండి జరిపేవాడు. ఒకసారి నాకు జ్వరం, ఆసుపత్రి గుమ్మం ముందు దింపవయ్యా మగడా అంటే, అక్కడ ఎండగా ఉందన్నాడు! నేను వరండాలో ఎండకి మాడుతూ మిషను తొక్కేదాన్ని. ఇది మాత్రం షెడ్డులో మహారాణిలా..."

ఆమె మాట అక్కడే తెగిపోయింది. మెల్లగా తల తిప్పి మరిది వంక చూసింది. మాస్టారు కళ్ళద్దాలు తీసి, తుడవవలసిన అవసరం లేకపోయినా తుడుస్తున్నాడు.

ముందు ఆమె భుజాలు కదిలాయి. తరువాత నవ్వు బయటికొచ్చింది. వీధి అంతా చూస్తుండగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగని నవ్వు. ఏం జరిగిందో అర్థంకాక డాక్టరు తన మాటలో తప్పేముందో అని వెతుక్కున్నాడు. ఆమె ఆయన చెయ్యి తెరిపించి అందులో తాళం పెట్టింది.

"ఇవాళే తీసుకెళ్ళండి నాయనా. రేపు పొద్దున్నే నా మిషన్లు దిగుతాయి."

"ఏమైంది మాస్టారూ, అక్కయ్యకి ఏం తెలిసింది?" అని గేటు మీదికి ఎగబాకుతూ అడిగింది రేడియో పిన్ని.

మాస్టారు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. అన్నయ్య బతికున్నన్నాళ్ళూ ఆ కారు ఒక్కపూటైనా ఎండలో నిలబడలేదు.